రాకెట్టుక్కూడా మేకప్పే!

మన జంక్షన్ ఉంది చూశారూ, నాలుగు దారులు కలిసే సెంటరు. ఇటు బెజవాడ, అటు ఏలూరు, ఓ పక్క నూజివీడు, ఇంకో పక్క గుడివాడ. ఎండాకాలం వచ్చిందంటే నూజివీడు దారిన దిగే ప్రతి బండిలోనూ మామిడే. ఆంజనేయస్వామి గుడి దగ్గర బండి నెమ్మదించిందంటే రసాల వాసన సెంటరంతా కమ్మేస్తుంది. అలాంటి ఊళ్ళో కూర్చుని హీరోల గురించీ హీరోయిన్ల గురించీ నాలుగు ముక్కలు రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్న నాకు ఈవారం ఉత్తరాల కట్టలో టెన్నిస్ మీద ఒకటి తగిలింది!

రాసిన కుర్రాడు నూజివీడు వైపు వాడు. పేరు వద్దన్నాడు. స్టేటు పోటీల్లో ఆడుతున్నాడట. ప్రొఫెషనల్ అవ్వాలని పట్టుదల. వాళ్ళ నాన్నగారు మామిడితోట గుత్తకిచ్చిన డబ్బులోంచి ఈసారి ఒక మంచి రాకెట్ కొనిపెడతానన్నారట. ఒకటే. అంచేత ఆ ఒక్కటీ ఏది కొనాలి, అల్కరాజ్ వాడేదా, సిన్నర్ వాడేదా, జోకోవిచ్ వాడేదా చెప్పమని అడిగాడు.

సినిమా పత్రికకి రాయాల్సిన ఉత్తరమేనా ఇది అని ముక్కున వేలేసుకోకండి. చదివాక నాకనిపించిందేమిటంటే, ఇది రాయాల్సింది సినిమా పత్రికకే! ఎందుకో చెబుతాను.

అసలు మన జనానికి టెన్నిస్ రాకెట్టుని ముందు చూపించింది సినిమానే కదా. హీరోయిన్ డబ్బున్న ఇంటి పిల్ల అని చెప్పాలంటే వెనకటి డైరెక్టర్లకి పెద్ద శ్రమ ఉండేది కాదు. మేడమెట్ల మీంచి తెల్ల గౌనులో దింపి, చేతికో రాకెట్ ఇచ్చి, “డాడీ, నేను క్లబ్బుకెళుతున్నా” అనిపిస్తే చాలు. ఆ రాకెట్టుతో బంతి కొట్టిన పాపాన పోయిన హీరోయిన్ నాకైతే జ్ఞాపకం లేదు. రాకెట్టుని నిజంగా పనిలో పెట్టిన సినిమా ఏదయ్యా అంటే 1983లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘ఆక్టోపస్సీ’. అందులో మన మద్రాసు విజయ్ అమృతరాజ్ బాండుకి సాయపడే మనిషిగా వేశాడు. ఆటోలో పారిపోయే సీనులో వెంటపడ్డ రౌడీలని టెన్నిస్ రాకెట్టుతోనే వాయించాడు. హాల్లో ఈలలే ఈలలు!

సరే, ఇక కుర్రాడి ప్రశ్నకి వస్తాను. అల్కరాజ్ చేతిలో ఉన్నది బాబోలాట్ ప్యూర్ ఏరో. సిన్నర్, జోకోవిచ్ ఇద్దరూ హెడ్ కంపెనీ స్పీడ్. టీవీలో చూసినవాడెవడైనా ఈ మాట చెబుతాడు. కానీ తమ్ముడూ, టీవీలో కనబడేది మేకప్పు. మేకప్పు తుడిస్తే లోపల ఎవరున్నారన్నది వేరే కథ.

టెన్నిస్ లోకంలో దీన్ని పెయింట్ జాబ్ అంటారు. అందరికీ తెలిసిన రహస్యమే. కంపెనీ రెండేళ్ళకోసారి కొత్త మోడల్ వదులుతుంది. కొత్త రంగు, కొత్త పేరు, కొత్త ప్రకటన. పెద్ద ఆటగాడేమో తన చేతికి ఏళ్ళ తరబడి అలవాటైన పాత అచ్చు వదలడు. వదిలితే ఆట పోతుందని భయం. మరి కంపెనీ సరుకు అమ్ముడుపోవడం ఎలా? పాత అచ్చు రాకెట్టుకే కొత్త మోడల్ రంగు పూసి చేతికిస్తారు. జోకోవిచ్ రాకెట్ మీద షాపు మోడల్ పేరే ఉంటుంది. లోపలి అచ్చు మాత్రం షాపుల్లో అమ్మేది కాదు. ఆండీ ముర్రే ఆడిన రోజుల్లో అతనిదీ అంతే, పైన రాడికల్ అని రంగు, లోపల పాతకాలపు అచ్చు. యాభై దాటిన హీరోకి విగ్గు పెట్టి కాలేజీ కుర్రాడి పాత్ర వేయిస్తే మనం చూడ్డంలేదూ? ఇదీ అంతే. కాకపోతే సినిమాలో టిక్కెట్టు డబ్బులతో పోతుంది. ఇక్కడ ఇరవై వేల చుట్టుపక్కల వదులుతుంది.

అచ్చొక్కటే కాదు. షాపులో మనకి దొరికే రాకెట్ గట్ లేకుండా 300 గ్రాములు ఉంటుందనుకోండి. అదే పేరున్న రాకెట్ పెద్ద ఆటగాడి చేతికి వచ్చేసరికి తలకాయ దగ్గర సన్నటి సీసం పట్టీ అంటిస్తారు, పిడిలో సిలికాన్ నింపుతారు, పిడి ఆకారాన్ని చేతికి తగ్గట్టు మలుస్తారు. ఇరవై, ముప్ఫై గ్రాములు తేలిగ్గా పెరుగుతుంది. అలాంటివి ఆరో ఎనిమిదో, అన్నీ కవలపిల్లల్లా ఒక్క గ్రాము తేడా లేకుండా సంచిలో ఉంటాయి. అంచేత “అల్కరాజ్ రాకెట్” అని నువ్వు కొనేది అల్కరాజ్ రాకెట్ బొమ్మ మాత్రమే.

ఈ రాకెట్టు ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో కాస్త చెప్పుకుంటే మిగతా సంగతి సులభంగా బోధపడుతుంది.

కృష్ణా జిల్లా పల్లెల్లో మా తరం పిల్లలు చూసిన మొదటి రాకెట్ టెన్నిస్‌ది కాదు, బాల్ బ్యాడ్మింటన్‌ది. హైస్కూలు గ్రౌండులో సాయంత్రం పూట మాస్టార్లు పంచెలు ఎగ్గట్టి పసుపుపచ్చ ఊలు బంతితో ఆడేవారు, అటు అయిదుగురు ఇటు అయిదుగురు. చేతిలో చెక్క రాకెట్. వర్షాకాలం వస్తే వంకర పోకుండా దానికి చెక్క బిగింపు వేసి, నాలుగు మూలలా మరలు తిప్పి, గోడకి తగిలించేవారు. అప్పట్లో వింబుల్డన్‌లో ఆడేవాడి రాకెట్టూ చెక్కే. డన్‌లప్ మాక్స్‌ప్లై అంటే ఆ రోజుల్లో ఓ హోదా. బరువు 370 నుంచి 400 గ్రాములు, గట్ వేసిన తలకాయ 65 చదరపు అంగుళాలు. ఇవ్వాళ్టి 98, 100 పక్కన పెడితే గరిటెలా కనిపిస్తుంది.

మొదట ఇనుము వచ్చింది. 1981 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో మన విజయ్ అమృతరాజ్ రెండు సెట్లు గెలిచి కూర్చున్నాడు. అవతల జిమ్మీ కానర్స్. అతని చేతిలో విల్సన్ టి-2000 అనే ఉక్కు రాకెట్. దాంతో బంతిని అదుపులో పెట్టడం మామూలు మనిషి తరం కాదని చాలామంది పెద్ద ఆటగాళ్ళు పక్కన పడేసిన సరుకది. కానర్స్‌కి మాత్రం ఒంట్లో ఓ ఎముకలా అమరింది. మిగిలిన మూడు సెట్లూ అతనే పట్టుకుపోయాడు. చెప్పొచ్చేదేమిటంటే, లోకానికి పనికిరానిది ఒకడికి ప్రాణం కావచ్చు.

ఆ తర్వాత పెద్ద తలకాయ వచ్చింది. హోవర్డ్ హెడ్ అని అమెరికాలో ఓ ఇంజనీరు. లోహపు స్కీలు చేసి డబ్బు గడించి, రిటైరై, టెన్నిస్ నేర్చుకుందామని మొదలెట్టాడు. పాపం, బంతి రాకెట్ మధ్యలో పడితే కదా! తిట్టుకోకుండా కూర్చుని ఆలోచించి, రాకెట్ తలనే పెద్దది చేసేశాడు. 110 చదరపు అంగుళాలు! 1976లో పేటెంటు పుచ్చుకుని, ప్రిన్స్ కంపెనీ పేరుతో అమ్మాడు. ముసలాళ్ళ రాకెట్ అని అందరూ నవ్వారు. 1978లో పామ్ ష్రైవర్ అనే 16 ఏళ్ళ పిల్ల అదే రాకెట్ పట్టుకుని అమెరికన్ ఓపెన్ ఫైనల్‌కి వచ్చి కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి. చెక్క రాకెట్టుతో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన చివరి మగాడు 1983లో ఫ్రెంచ్ ఓపెన్ నెగ్గిన యానిక్ నోవా.

నా మటుకు నాకు ఈ చరిత్రలో గుండె పిండేసే సీను బోర్గ్‌ది. అయిదుసార్లు వరసగా వింబుల్డన్ గెలిచిన మహానుభావుడు. చెక్క రాకెట్టుని 80 పౌన్ల దాకా బిగించి ఆడేవాడు. ఇప్పటివాళ్ళు 50కి అటూఇటూ బిగిస్తారు, అదే ఎక్కువ. ఆ బిగువుకి హోటల్ గదిలో అర్ధరాత్రి గట్లు వాటంతటవే ఫట్‌మని తెగేవని చెబుతారు. అలాంటివాడు ఆట మానేసి, ఏళ్ళ తర్వాత 1991లో మాంటేకార్లోలో మళ్ళీ దిగాడు. అందరి చేతుల్లోనూ గ్రాఫైట్. ఈయన చేతిలో ఆనాటి చెక్కే! జోర్డి అరెసె అనే స్పెయిన్ కుర్రాడు 6-2, 6-3తో పంపించేశాడు. మూకీల్లో మహారాజుగా వెలిగిన నటుడు టాకీ సెట్ మీదికొచ్చి పెదాలు మాత్రం ఆడించినట్టు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ నాకు మనసు బాగోదు.

అయితే పాతది పట్టుకోవడం తప్పు, కొత్తది పట్టుకోవడం ఒప్పు అనుకునేరు. అదీ కాదు. పీట్ సంప్రాస్ 85 చదరపు అంగుళాల విల్సన్ ప్రో స్టాఫ్ మీద పధ్నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు కొట్టాడు. దాని మీదే ఉండిపోయాడు. ఫ్రెంచ్ ఓపెన్ మాత్రం ఒక్కటీ దక్కలేదు. మట్టి మీద కాస్త పెద్ద రాకెట్ ప్రయత్నించి ఉండాల్సిందని తర్వాత తనే అన్నాడు. ఫెదరర్ 2013లో వింబుల్డన్ రెండో రౌండులోనే ఓడాక, ఆ వేసవిలో రంగేసి ఉన్న తన 90ని పక్కన పెట్టి, పేరూ ఊరూ లేని ఓ నల్లటి 98 పట్టుకుని చిన్న పోటీల్లో దిగాడు. అక్కడా ఓడాడు. మళ్ళీ 90కే పోయాడు. 2014 నుంచి మాత్రం పెద్ద తలకే స్థిరపడ్డాడు. 2017లో, 35 ఏళ్ళ వయసులో, ఆస్ట్రేలియన్ ఓపెనూ వింబుల్డనూ గెలిచాడు. ఎన్నో ఏళ్ళు అలవాటైన చెయ్యి మార్చుకోవడానికి ఓటములు భరించాడన్నమాట. ఫెదరర్‌కి ఆ ఓపిక ఉంది, దాన్ని భరించే బ్యాంకు బ్యాలెన్సూ ఉంది. మన నూజివీడు కుర్రాడికి రెండోది లేదు. ఇక్కడే అసలు మెలిక.

ఇప్పుడు గట్ దగ్గరికి వద్దాం. రాకెట్ గురించి వంద మాటలు చెప్పేవాళ్ళు గట్ గురించి ఒక్క మాట చెప్పరు. బంతికి తగిలేది రాకెట్ కాదయ్యా, గట్! ఫ్రేము హీరో అయితే గట్ కథ. కథ బాగోకపోతే ఎంత హీరో అయితే ఏం?

అసలు గట్ అంటే ఆవు పేగుల పైపొర నుంచి తీసిన తంత్రి. ఫ్రాన్సులో బాబోలాట్ వాళ్ళు 1875 నుంచీ చేస్తున్నారు. మెత్తన, బలం, చేతికి హాయి. ఖరీదు మాత్రం చుక్కల్లో ఉంటుంది, తడి తగిలితే పాడైపోతుంది. దాని తర్వాత నైలాను. చవక, ఫరవాలేదు. మూడోది పాలియెస్టర్. దీని కథ చెప్పి తీరాలి.

1997లో ఫ్రెంచ్ ఓపెన్‌కి బ్రెజిల్ నుంచి ఓ ఇరవయ్యేళ్ళ పొడుగు కుర్రాడు వచ్చాడు. గుస్తావో కుయెర్టెన్. ర్యాంకు 66. నీలం, పసుపు కలిపిన బట్టలు, చెదిరిన జుట్టు, చెవుల దాకా నవ్వు. ఎనిమిదేళ్ళప్పుడే తండ్రి పోయాడు, పిల్లల టెన్నిస్ మ్యాచికి అంపైరుగా కూర్చుని అక్కడే కుప్పకూలాడు. ఈ కుర్రాడి రాకెట్టుకి బెల్జియం వాళ్ళ లక్సిలాన్ పాలియెస్టర్ గట్. పెద్దవాళ్ళంతా ఆవుపేగు వాడుతుంటే ఇతనిది గట్టిగా, చచ్చుగా ఉండే దారం. కానీ ఆ దారానికో గుణం ఉంది. బంతి తగిలినప్పుడు జారి, చటుక్కున వెనక్కి వచ్చి బంతిని గిర్రున తిప్పుతుంది. ఎంత బలంగా కొట్టినా బంతి గీత లోపలే దిగుతుంది. ర్యాంకు 66 వాడు ట్రోఫీ ఎత్తుకుపోయాడు. ఆ తర్వాత నాలుగైదేళ్ళలో లోకమంతా పాలియెస్టరే. ఇవ్వాళ జోకోవిచ్ నిలువు గట్ ఆవుపేగుది, అడ్డం గట్ పాలియెస్టర్‌ది కలిపి కట్టిస్తాడు. కొత్తగా పైకొచ్చేవాడు సొంతంగా ఎంచుకున్నది ఆటనే మార్చేసిన సందర్భం ఇంతకంటే నాకు తెలీదు.

అన్నట్టు, దీనికి ముందే ఒకాయన గట్లతో గారడీ చేశాడు. జర్మనీలో వెర్నర్ ఫిషర్ అని తోటల పెంపకం మనిషి. మన నూజివీడు వాళ్ళలాగే చెట్లూ చేమలూ చూసుకునేవాడు. రాకెట్టుకి రెండు వరసల గట్లు కట్టి, మధ్యలో గొట్టాలు తొడిగాడు. సేమియా రాకెట్టులాగుందని నవ్వారు గానీ, బంతి ఎటు ఎగురుతుందో దేవుడిక్కూడా తెలిసేది కాదు. 1977లో నస్తాసే దాంతో దిగేసరికి, అప్పటికి నెలల తరబడి మట్టి మీద ఓటమే ఎరగని విలాస్ రెండు సెట్లయ్యాక విసుక్కుని కోర్టు దిగి వెళ్ళిపోయాడు. టెన్నిస్ సంఘం వాళ్ళు వెంటనే దాన్ని నిషేధించి, ఆ మరుసటేడు రాకెట్ అంటే ఏమిటో మొదటిసారి రూలు రాసుకున్నారు. అంతదాకా రాకెట్ ఇలా ఉండాలన్న రూలే లేదు. ఏదో ఒక కర్రతో ఆడినా ఎవడూ అడిగేవాడు కాడు!

పాలియెస్టర్‌లో ఓ తిరకాసుంది. అది చేతిని కొడుతుంది. మణికట్టు, మోచెయ్యి, భుజం, అన్నిటికీ ఆ అదురు పాకుతుంది. పైగా దాని బిగువు నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. తెగకపోయినా చచ్చిపోయినట్టే లెక్క. పెద్దవాళ్ళు మ్యాచికో కొత్త గట్ వేయించుకుంటారు, మ్యాచి మధ్యలో కొత్త బంతులొచ్చినప్పుడల్లా రాకెట్ మారుస్తారు. మొదట ఏడు ఆటలకి, ఆ పైన తొమ్మిదేసి ఆటలకి. పదహారేళ్ళ కుర్రాడు టీవీ చూసి అదే దారం కట్టించుకుని, తెగేదాకా మూణ్ణెల్లు ఆడితే? ఆ చెయ్యి ఏమవుతుంది?

చెయ్యి అంటే సానియా గుర్తొస్తోంది. సినిమా పత్రికలవాళ్ళం మేం కూడా 2005లో ఆ అమ్మాయి ముక్కుపుడక గురించీ, టీషర్టు మీద రాతల గురించీ కాగితాలు నింపేశాం. చేతి గురించి ఎవరు రాశారు? హైదరాబాద్‌లో పేడతో అలికిన కోర్టు మీద ఆట మొదలెట్టానని తనే చెప్పుకుంది. ఆ చెయ్యి విల్లులా వంగేది. ఫోర్‌హ్యాండ్ కొడితే మణికట్టు చివర్లో ఓ విసురు విసిరేది, దాంతో బంతి నేలబారున బాణంలా పోయేది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచింది, ఆ సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ నాలుగో రౌండుకి వెళ్ళింది, 2007లో 27వ ర్యాంకు ఎక్కింది. ఏ రాకెట్ ఇస్తే ఆ విసురు వస్తుంది చెప్పండి? అది పుట్టుకతో వచ్చిన చెయ్యి. ఆ చేతికే 2008లో ఆపరేషన్ అయింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు బాధతో మధ్యలో ఆట విడిచి పెట్టాల్సొచ్చింది. తర్వాత సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే నిలబడి, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆడపిల్ల పట్టుదల అంటే అదీ. ఆమెకి ఆ బాధ గట్ వల్ల వచ్చిందని నేననడం లేదు. ఆటగాడి సామాన్లలో కొనుక్కోవడానికి దొరకనిది ఒక్కటే, చెయ్యి. ముందు దాన్ని చూసుకుని మిగతావి ఎంచుకోవాలంటున్నాను.

మన జిల్లా మనిషి ఒకడున్నాడు, చెప్పకపోతే పాపం. సాకేత్ మైనేని. పుట్టింది ఉయ్యూరులో. జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా పోతే ఎంతో దూరం లేదు. ఆరడుగుల పైన నాలుగంగుళాలు. సర్వ్ చేస్తే తాటిచెట్టు మీంచి కాయ రాలినట్టే. అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం తెచ్చాడు. 2016లో క్వాలిఫయింగ్ దాటుకుని అమెరికన్ ఓపెన్ మెయిన్ డ్రాకి చేరాడు. మొదటి మ్యాచిలో వెసెలీ అనే చెక్ ఆటగాడితో అయిదు సెట్లు పోరాడాడు. కాళ్ళు చేతులు కొంకర్లు పోయాయి. ఓడిపోయాడు. ఆ రోజు అతనికి కావలసింది కొత్త రాకెట్ కాదు, ఒంట్లో ఉప్పూ నీళ్ళూ. కిట్‌బ్యాగులో ఉప్పు పొడి పొట్లం కూడా సామానే, రాకెట్‌తో సమానం. మే నెలలో మన కోర్టుల మీద ఆడేవాడికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. తమ్ముడూ, ఇది మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ప్రొఫెషనల్ అంటే మొదటి మెట్టు ఐటీఎఫ్ వాళ్ళ పదిహేను వేల డాలర్ల పోటీలు. పదిహేను వేలనగానే కళ్ళు తిరుగుతాయి గానీ, అది మొత్తం అందరికీ కలిపి. సింగిల్స్ గెలిచినవాడికి 2,160 డాలర్లు. మొదటి రౌండులో ఓడినవాడికి 156 డాలర్లు, అందులో పన్ను కోత వేరే. మన డబ్బుల్లో పదమూడు వేలకి అటూఇటూ. రైలు ఛార్జీ, లాడ్జి, తిండి, అన్నీ అందులోంచే.

ఇప్పుడు గట్ లెక్క చూడు. పాలియెస్టర్ చుట్ట ఒకటి 200 మీటర్లు వస్తుంది. రాకెట్టుకి 12 మీటర్లు పోతుంది. అంటే చుట్టకి పదహారు సార్లు. రోజూ ఆరేసి గంటలు సాధన చేసి, గట్టిగా తిప్పి కొట్టేవాడికి రెండ్రోజులకోటి తెగుతుంది. నెల తిరిగేసరికి చుట్ట ఖాళీ! ఆ చుట్ట వేలల్లోనే ఉంటుంది. గట్టింగ్ చేసినాయనకి కూలి వేరే. అంటే మొదటి రౌండులో ఓడి తెచ్చుకున్న డబ్బు ఒక్క నెల గట్టుకే సరిపోతుంది, అదీ వీలైతే. పెద్ద ఆటగాళ్ళకి ఇవన్నీ కంపెనీవాళ్ళు ఎదురిస్తారు. పైకొచ్చే కుర్రాడు సొంతంగా కొనుక్కోవాలి. అసలు అవసరమున్న రోజుల్లో ఎవడూ ఇవ్వడు, అక్కర్లేని రోజుల్లో అందరూ ఇస్తారు. సినిమా ఫీల్డులో మాత్రం ఇంతకంటే భిన్నంగా ఉందా?

అంచేత నా సలహా ఇది. ఒకటి కొనకు. రెండు కొను. రెండూ ఒకే మోడల్, ఒకే బరువు, ఒకే పిడి సైజు. ఎందుకంటావా? మ్యాచిలో గట్ తెగిందనుకో, బట్టలకీ బూట్లకీ అయితే టైమిచ్చే రూలుంది గానీ రాకెట్టుకి లేదు. రెండోది చేతిలో లేకపోతే నీ పని అంతే. ఎరువు తెచ్చుకున్న పరాయి రాకెట్టుతో మూడో సెట్ ఆడటమంటే, పక్కవాడి కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష రాయడమే. ఇరవై వేలు పోసి ఈ ఏటి మోడల్ ఒకటి కొనే బదులు, కిందటి మోడల్‌వి వెతుకు. కొత్తది రాగానే షాపువాళ్ళు పాతదాని ధర తెగ్గోస్తారు. లోపల మారింది తక్కువ, పైన రంగే ఎక్కువని నీకిప్పుడు తెలుసు కదా. మిగిలిన డబ్బు గట్టుకి దాచుకో.

పదహారేళ్ళ చేతికి పూర్తి పాలియెస్టర్ వద్దు. నిలువుకి అది కట్టించి, అడ్డానికి మెత్తటి నైలాను రకం వేయించు. తక్కువ బిగువుతో మొదలెట్టు. వదులుగా ఉంటే బంతి తేలిగ్గా ఎగురుతుంది, బిగిస్తే అదుపు ఎక్కువ, అదురు కూడా ఎక్కువ. వారానికెన్ని రోజులు ఆడితే ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ మార్చాలన్నది సరదాగా ఆడుకునేవాళ్ళ లెక్క. నీకది చాలదు.

పిడి సైజు అందరూ నిర్లక్ష్యం చేసేది. చేత్తో పట్టుకుంటే వేళ్ళ చివరలకీ అరచేతి దిండుకీ మధ్య ఓ వేలు పట్టే సందుండాలని పెద్దల మాట. ఆ బాహుబలి దండల నాదల్ నాలుగుంపావు అంగుళాల సన్నటి పిడి పట్టుకునేవాడంటే ఎవరూ నమ్మరు. మన ఉక్కలో చెమటకి పిడి జారిపోతుంది కాబట్టి పైన చుట్టే పట్టీ రెండ్రోజులకోటి మార్చు. ఇవాన్ లెండిల్ అయితే జేబులో రంపపు పొట్టు పోసుకుని ప్రతి పాయింటుకీ అరచేతికి రాసుకునేవాడు. నూజివీడులో రంపపు పొట్టుకి కరువా? మామిడి పెట్టెలు కొట్టే చోట అడిగితే ఊరికే ఇస్తారు!

బూట్ల గురించి రెండు ముక్కలే. రాకెట్టులో మిగిల్చినా ఫరవాలేదు గానీ బూట్లలో మిగల్చకు. పరుగుపందెం బూట్లు టెన్నిస్‌కి పనికిరావు, పక్కకి తిరిగేసరికి మడమ మెలికపడుతుంది. మడమ పోతే ఆరు నెలలు ఇంట్లో కూర్చుని మా పత్రిక చదువుకోవాల్సిందే. మాకు లాభమే అనుకో!

ఇంకొకటి. కోర్టు నుంచి వస్తూ వస్తూ కిట్‌బ్యాగు కారు డిక్కీలోనో, స్కూటరు మీద ఎండలోనో వదిలేసి జంక్షన్‌లో కొబ్బరిబొండాం తాగుతూ కబుర్లలో పడకు. ఆ వేడికి గట్ సాగి బిగువు దిగిపోతుంది. బంతుల డబ్బా మూత తీశాక ఎలాగూ పది పదిహేను రోజుల్లో ఎగురుడు తగ్గుతుంది. బ్యాగు లోపలికి తెచ్చుకో, నీడన మంచం కింద పెట్టుకో. మీ ఇంట్లో రసాలు ముగ్గేసే గది ఉంటుంది కదా, అందులో మాత్రం పెట్టకు. అక్కడ ఆవిరి ఎక్కువ.